సొంత లెక్కకు సొంత సాఫ్ట్‌వేర్: వ్యాపారానికి అది ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ చేయదు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. అంతవరకు 12 శాతం, 28 శాతం శ్లాబుల్లో ఉన్న వస్తువుల్లో అత్యధిక భాగం 5 లేదా 18 శాతంలోకి వచ్చాయి. నల్లగొండ ప్రకాశం బజారులోనైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కలైనా, రెడీమేడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే దుకాణాలకు కంపెనీ పంపే అప్‌డేటు ఆసరాగా ఉంటుంది. తమ వ్యాపారం కోసమే ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ చేయించుకున్నవారికి ఇలాంటి రోజున ఎదురయ్యే ప్రశ్న వేరు: దాన్ని తయారు చేసిన మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తుతాడా?

అయితే ఆ తరువాత కొన్ని వారాలకే వానాకాలం వడ్లు మిర్యాలగూడ మిల్లులకు రావడం మొదలవుతుంది, అప్పుడు ప్రశ్న తిరగబడుతుంది. ట్రాక్టరు దిగిన వడ్లలో తేమ ఎంత, ఆరిన తరువాత మిగలాల్సింది ఎంత, ప్రభుత్వం మరపట్టమని అప్పగించిన వడ్లు ఎన్ని, మిల్లు సొంతంగా కొన్నవి ఎన్ని అన్న లెక్కలకు దుకాణాల కోసం తయారైన బిల్లింగ్ ప్యాకేజీలో చోటు దొరకదు. అందుకే ఒక వ్యాపారి "సొంతంగా చేయించుకుని నష్టపోయాను" అంటే, ఇంకొకరు "చేయించుకోకపోతే లెక్కే తేలేది కాదు" అంటారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఆ రెండు నిజాలూ ఏ పరిస్థితికి చెందుతాయో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

రెడీమేడ్, కస్టమ్, వాటి మధ్యలో ఉన్నది

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అంటే వేలమంది వ్యాపారులకు ఉమ్మడిగా ఉండే అవసరాలను దృష్టిలో పెట్టుకుని ఒక కంపెనీ ముందే తయారు చేసి అమ్మేది. మనకు బాగా తెలిసిన టాలీ ఆ కోవలోనిదే. దానిలో కొనుగోలు, అమ్మకం, సరుకు నిల్వ, పన్ను, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి, ఎందుకంటే ఏ వ్యాపారానికైనా ఇవి కావాలి. కస్టమ్ సాఫ్ట్‌వేర్ అంటే ఒక వ్యాపారం తన పని నడిచే తీరు చెప్పి, ఆ తీరుకు తగినట్టు రాయించుకునేది. దుకాణంలో కొన్న చొక్కాకూ, దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాకూ ఉన్న తేడా ఇక్కడ చాలావరకు వర్తిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఆ పోలిక సరిపోదు: చొక్కా కుట్టించిన తరువాత దర్జీతో పని ఉండదు, సాఫ్ట్‌వేర్ చేయించిన తరువాత తయారీదారుతో పని అది వాడినంతకాలం ఉంటుంది.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది, చర్చల్లో దాన్ని తరచుగా మరిచిపోతారు. టాలీకి టాలీ డెఫినిషన్ లాంగ్వేజ్ అనే సొంత భాష ఉంది. టీడీఎల్ అని పిలిచే ఆ భాష తెలిసినవారు అసలు ప్యాకేజీని అలాగే ఉంచి, ఒక కొత్త రిపోర్టునో, బిల్లు మీద ఒక అదనపు గడినో చేర్చి ఇవ్వగలరు. ఖాతాలు రెడీమేడ్‌లోనే ఉండి, వ్యాపారానికి ప్రత్యేకమైన ఒక్క పని మాత్రం పక్కన చిన్న సాఫ్ట్‌వేరులో నడిచి, రోజు చివర మొత్తాలు టాలీలోకి చేరే పద్ధతి కూడా ఉంది. "కొనడమా, చేయించడమా" అన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో జవాబు ఈ మధ్యదారిలోనే దొరుకుతుంది.

మందుల దుకాణానికి అవసరం లేనిది మిల్లుకు ఎందుకు కావాలి

ఒక మందుల దుకాణాన్ని తీసుకుందాం. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పంపిణీదారుకు తిరిగి పంపే సరుకు, డాక్టరు చీటీ వివరాలు, ఇవే దాని ప్రత్యేక అవసరాలు. కాని జడ్చర్లలో మందుల దుకాణానికి ఉన్న అవసరాలే సూర్యాపేటలోని దుకాణానికీ ఉన్నాయి. కాబట్టి వాటికి సరిపడే రెడీమేడ్ ప్యాకేజీలు ఎన్నో ఉన్నాయి, వేలమంది వాడిన తరువాత వాటిలోని తప్పులు బయటపడి సరిదిద్దబడ్డాయి కూడా. అలాంటి దుకాణం కొత్తగా సాఫ్ట్‌వేర్ చేయించుకుంటే, ఇతరులు ఎప్పుడో దాటిన తప్పులను తన ఖర్చుతో మళ్లీ దాటవలసి వస్తుంది.

రైసు మిల్లు పని అలా ఉండదు. కస్టమ్ మిల్లింగ్ కింద ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల నుంచి పంపే వడ్లు మిల్లులో ఉన్నా, అవి మిల్లువి కావు. క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. తవుడు, నూకలు, ఊక మిల్లరుకు మిగులుతాయి. 4,000 క్వింటాళ్ల వడ్లు దిగిన రోజునే 2,680 క్వింటాళ్ల పచ్చి బియ్యం బాకీ మిల్లు మీద పడినట్టు లెక్క. అదే ఆవరణలో మిల్లు రైతుల దగ్గర నేరుగా కొన్న సన్నవడ్లు ఉంటాయి, వాటి బియ్యం బయటి మార్కెట్టుకు పోతుంది. ఈ రెండు నిల్వలూ కాగితం మీద ఎక్కడా కలవకూడదు. పరాయి సరుకును వేరుగా చూపే జాబ్ వర్కు ఏర్పాటు టాలీలోనూ ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయితే ఏ లారీ వడ్లు ఏ గోదాములోకి వెళ్లాయి, ఎంత బియ్యం అప్పగించాం, గడువులోగా ఇంకా ఎంత బాకీ ఉంది అన్నది రోజూ ఒక్క చూపులో కనబడాలంటే దాని పక్కన ఇంకేదో ఉండాల్సిందే. అనేక చోట్ల ఆ "ఇంకేదో" అనుభవజ్ఞుడైన గుమాస్తా రాసుకునే చిట్టా.

తేమ లెక్క: ఒక ఉదాహరణ వివరంగా

సొంత సాఫ్ట్‌వేర్ మేలు గురించి సాధారణ మాటలు ఎన్ని చెప్పినా ఒక లెక్క చేసి చూపినంత స్పష్టత రాదు. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. అలా వచ్చిన 100 క్వింటాళ్లను 14 శాతానికి ఆరబెట్టారనుకుందాం. ఎంత మిగలాలి?

మూడు శాతం తేమ పోయింది కాబట్టి 97 క్వింటాళ్లు అని నోటిలెక్కగా చెబుతారు. అది తప్పు. 100 క్వింటాళ్లలో 17 నీరు, 83 నీరు లేని గింజ. ఆరిన తరువాత ఆ 83 క్వింటాళ్లు మొత్తంలో 86 శాతం అవుతాయి. 83ను 0.86తో భాగిస్తే 96.51. అంటే నీటి రూపంలో న్యాయంగా పోయేది 3.49 క్వింటాళ్లు. నోటిలెక్కకూ అసలు లెక్కకూ మధ్య 49 కిలోల తేడా ఉంది. ఆ 49 కిలోలు కూడా నీరుగానే పోయాయి, అయినా ఏళ్ల తరబడి దానికి హమాలీలో, గోదాము కాపలాదారో మాట పడే అవకాశం ఉంది. ఈ చిన్న అంకె నన్ను చాలా కలవరపెట్టింది.

ఇప్పుడు కాంటా మీద నిజంగా తేలిన బరువు 95.80 క్వింటాళ్లు అనుకుందాం. సాధారణ స్టాకు రిజిస్టరు దీన్ని 4.20 క్వింటాళ్ల తరుగుగా చూపుతుంది. అందులో ఎంత నీరో, ఎంత నష్టమో చెప్పలేదు. తేమ లెక్క తెలిసిన సాఫ్ట్‌వేర్ అయితే 3.49 క్వింటాళ్లు నీరు అని తీసివేసి, మిగిలిన 71 కిలోలకు మాత్రమే కారణం వెతకమంటుంది. తేమ కొలిచే యంత్రం తప్పు చూపిందా, గోనె సంచుల బరువు తీయడం మరిచారా, ఎలుకలు, పక్షులు తిన్నాయా, సరుకు బయటికి పోయిందా అన్నది వెతకాల్సింది మనుషులే. సాఫ్ట్‌వేర్ చేసేది వెతకాల్సిన చోటును 420 కిలోల నుంచి 71 కిలోలకు కుదించడం.

ఇందులో మరో మెలిక ఉంది. వేబ్రిడ్జి తూకం యంత్రాన్ని కంప్యూటరుకు తీగతో కలిపితే బరువు నేరుగా నమోదవుతుంది, చేత్తో కొట్టే అంకెల్లో పొరపాటుకు తావుండదు. కాని ఒక్కో మిల్లులో ఒక్కో తయారీ యంత్రం ఉంటుంది. దానితో మాట్లాడే చిన్న ప్రోగ్రాము రాయించుకోవడం, కరెంటు పోయినా నెట్ పోయినా తూకం ఆగకుండా ఏర్పాటు చేయించుకోవడం అన్నవి అక్కడి పరిస్థితిని చూసినవారు మాత్రమే సరిగా చేయగల పనులు.

ఖర్చు ఎక్కడ తిరిగి వస్తుంది

ఈ భాగంలోని ధరలు ఉదాహరణ కోసం ఊహించినవి, లెక్క నడిచే తీరు మాత్రం వాస్తవం. సొంత సాఫ్ట్‌వేర్ తయారీకి 6 లక్షలు, ఏటా నిర్వహణకు లక్ష రూపాయలు అనుకుందాం. అయిదేళ్లకు 11 లక్షలు. దీనిపై జీఎస్టీ 18 శాతం, అంటే 1.98 లక్షలు. మామూలు వ్యాపారి ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తన అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకుని, తిరిగి పొందుతాడు. మిల్లుకు అది చాలావరకు దక్కదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం పన్ను ఉంది, ఆపై బరువున్న బస్తాలకు లేదు. కిరాణా దుకాణాల్లో 26 కిలోల బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. పన్ను లేని సరుకు అమ్మేవారికి ఆ మేరకు క్రెడిట్ రాదు. కాబట్టి మొత్తం అలాంటి బస్తాలే అమ్మే మిల్లుకు అసలు ఖర్చు 12.98 లక్షలు.

రెడీమేడ్ ప్యాకేజీకి ఏడాదికి 20 వేలు అనుకుంటే, పన్నుతో అయిదేళ్లకు 1.18 లక్షలు. తేడా 11.80 లక్షలు, ఏడాదికి 2.36 లక్షలు. సొంత సాఫ్ట్‌వేర్ ఏటా కనీసం ఇంత మేలు చేయాలి.

2025-26కు గ్రేడ్ ఏ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. పై ఉదాహరణలోని 71 కిలోల లెక్కన 10 వేల క్వింటాళ్లకు కారణం తెలియని తరుగు 71 క్వింటాళ్లు, విలువ సుమారు 1.70 లక్షలు. అంతా ఆపగలిగినా ఖర్చు రాదు. నిజానికి అంతా ఆపలేం. సగం ఆపగలిగితే, ఏటా సుమారు 28 వేల క్వింటాళ్లు ఆడించే మిల్లుకు లాభనష్టాలు సమానమవుతాయి. అంతకన్నా పెద్ద మిల్లుకు ఇది లాభం, చిన్న మిల్లుకు ఈ ఒక్క కారణం చాలదు. తవుడు, నూకల రాబడి రకాన్ని బట్టి ఎంత వస్తోందో తెలియడం, బియ్యం గడువులోగా అప్పగించడం వంటి వాటి విలువ కలిపితే లాభనష్టాలు సమానమయ్యే గీత కిందికి జరుగుతుంది. కాని వాటిని కూడా ఇలాగే అంకెల్లోకి తెచ్చి చూడాలి తప్ప "చాలా మేలు" అన్న మాటతో సరిపెట్టుకుంటే లెక్క తేలదు.

పని తీరు మారాలా, సాఫ్ట్‌వేర్ మారాలా

ఇక్కడ రెండు వాదాలు గట్టిగా ఎదురెదురు నిలుస్తాయి. మొదటి వాదం ప్రకారం, రెడీమేడ్ ప్యాకేజీకి సరిపోని పనితీరులో చాలాసార్లు లోపం పనితీరులోనే ఉంటుంది. ఒకే అమ్మకానికి మూడు రకాల చీటీలు రాయడం, అప్పులకు తేదీ లేకపోవడం వంటి అలవాట్లను అలాగే సాఫ్ట్‌వేరులోకి ఎక్కిస్తే గందరగోళం వేగంగా జరుగుతుందే తప్ప పోదు. చట్టం మారినప్పుడు రెడీమేడ్ కంపెనీ ఆ భారాన్ని వేలమంది మీద పంచుతుంది, సొంత సాఫ్ట్‌వేర్ యజమాని దాన్ని ఒక్కడే మోస్తాడు. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలనే ఈ-ఇన్‌వాయిస్ నిబంధననే చూడండి: 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారికి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ ఎప్పుడు చేశారో నమోదు చేయాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. భాగస్వామ్య సంస్థగా నడిచే మిల్లుకు ఈ రెండో నిబంధన వర్తించదు, ప్రైవేట్ లిమిటెడ్ అయితే వర్తిస్తుంది.

రెండో వాదం ప్రకారం, ఒక వ్యాపారం పక్క వ్యాపారం కన్నా మెరుగ్గా నడవడానికి కారణం దాని పనితీరులోని ప్రత్యేకతే. గద్వాల చీరల మాస్టర్ వీవర్ ఉదాహరణ దీనికి బాగా నప్పుతుంది. నూలు ఒడలుకు పట్టు అంచును, కొంగును కలిపి నేసే ఆ చీరకు నూలు, పట్టు, జరీ తూచి నేత కార్మికుడి ఇంటికి పంపుతారు. చీర తిరిగి వచ్చాక దాని బరువు, వాడిన జరీ, మిగిలిన సరుకు, ఇవ్వాల్సిన మజూరి, ముందు తీసుకున్న అడ్వాన్సు అన్నీ ఒకే ఖాతాలో తేలాలి. దుకాణం ప్యాకేజీ దృష్టిలో సరుకు గోదాములో ఉంటుంది లేదా అమ్ముడుపోతుంది, మగ్గం మీద సగం చీరగా ఉండదు. ఈ వ్యాపారిని ప్యాకేజీకి తగ్గట్టు మారమనడం అర్థం లేనిది. అయినా పది, పన్నెండు మగ్గాలకు ఎక్సెల్ షీటు చక్కగా సరిపోతుంది. డిజైన్ల సంఖ్య, మగ్గాల సంఖ్య పెరిగి ఒకే షీటును ముగ్గురు మార్చే రోజు వచ్చినప్పుడే సొంత సాఫ్ట్‌వేర్ మాట ఆలోచించదగ్గది.

నా దృష్టిలో ఈ వాదాలు రెండూ ఒకే వ్యాపారంలో వేర్వేరు పనులకు వర్తిస్తాయి. పన్నులు, ఖాతాలు, జీతాలు అందరికీ ఒకటే, వాటికి రెడీమేడ్ మేలు. తేమ లెక్క, మగ్గం ఖాతా మనవి, వాటికే సొంతం కావాలి. మొత్తం వ్యాపారాన్ని ఒకే పెద్ద సొంత సాఫ్ట్‌వేరులోకి ఎక్కించాలనే ఆశ దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది.

సెప్టెంబరు 22 నాటి ఇబ్బందిలో కొంత భాగం ప్రోగ్రాము రాసిన తీరులోని లోపమే. పన్ను రేటును ప్రోగ్రాము లోపల నేరుగా రాస్తే అది మారిన ప్రతిసారీ ప్రోగ్రామరు రావాలి. రేటునూ, అది అమలయ్యే తేదీనీ ఒక పట్టికలో ఉంచితే గుమాస్తా తానే మార్చగలడు, పాత బిల్లులు పాత రేటుతోనే నిలుస్తాయి.

డబ్బు ఇచ్చినంత మాత్రాన కోడ్ మనది కాదు

సొంత సాఫ్ట్‌వేర్ అన్న మాటలోని "సొంతం" గురించి చాలామందికి తెలియని సంగతి ఇది. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లో ఒకటిగా లెక్కిస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే సాధారణంగా తొలి హక్కుదారు. జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది. బయటి డెవలపరుకు కాంట్రాక్టు ఇచ్చి రాయిస్తే హక్కు దానంతట అది మన చేతికి రాదు. 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని భావిస్తారు. "మీ సాఫ్ట్‌వేర్ మీదే" అని నోటిమాటగా చెప్పిన ఒప్పందం విలువ ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది.

హక్కు కాగితం మీద ఉన్నా సోర్స్ కోడ్, అంటే మనుషులు చదివి మార్చగల అసలు రాత, చేతిలో లేకపోతే ప్రయోజనం తక్కువ. డెవలపరు ఊరు మారితేనో, వృత్తి మారితేనో, నడుస్తున్న సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంటుంది గాని ఒక్క అక్షరం మార్చలేం. డేటా మాటా అంతే. అయిదు సీజన్ల తూకాలు ఇంకొక ప్యాకేజీ చదవగల రూపంలో బయటికి రాకపోతే, రెడీమేడ్ కంపెనీ మీద ఆధారపడటం తప్పించుకోబోయి ఒక్క మనిషి మీద ఆధారపడినట్టవుతుంది. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. దగ్గరలో డెవలపర్లు ఉండటం వల్ల మిల్లు ఆవరణకు వచ్చి పని చూసే వీలు పెరుగుతుంది. అది మంచిదే గాని, ఒప్పందం రాతలో ఉండాల్సిన అవసరాన్ని అది తగ్గించదు.

ఈ మధ్య కృత్రిమ మేధతో ప్రోగ్రాములు త్వరగా రాయగలుగుతున్నారు. రాత ఖర్చు తగ్గుతోంది. అయితే 83ను 0.86తో భాగించాలన్న సంగతి ముందు ఎవరికో తెలిసి ఉండాలి. ఆ సంగతి తెలిసినవాడు తరచుగా చిట్టా రాసే గుమాస్తాయే. అతన్ని కూర్చోబెట్టి అడగకుండా తయారైన సాఫ్ట్‌వేరులో మొదటి సీజన్ పూర్తికాకముందే పక్కన మళ్లీ చిట్టా తెరుచుకుంటుంది.

తరుగు చీటీ: లెక్క అవతలివారికీ కనబడినప్పుడు

ఇంతవరకు యజమానికి కలిగే మేలునే చూశాం. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ప్రతి సీజనూ రైతులు అడిగే ప్రశ్న ఒకటుంది: తాలు పేరుతో, తేమ పేరుతో, గోనె సంచి పేరుతో నా బస్తాకు ఎంత కోశారు? రైతు చేతికి వచ్చే కాగితంలో చాలాసార్లు చివరి బరువే ఉంటుంది, దాని వెనుక లెక్క ఉండదు. రెడీమేడ్ బిల్లులో ఆ గడులు లేకపోవడం ఇందుకు ఒక కారణమైతే, ఉండాలని ఎవరూ అడగకపోవడం ఇంకొకటి.

సొంతంగా చేయించుకునే మిల్లు వేబ్రిడ్జి దగ్గరే తెలుగులో ఒక చీటీ అచ్చు వేయించగలదు: లారీ బరువు, ఖాళీ బరువు, సంచుల బరువు, యంత్రం చూపిన తేమ, దాని కింద తీసివేసిన కిలోలు, తాలు కింద తీసివేసినవి, మిగిలినది, ధర, మొత్తం. రాయించడానికి ఇది బహుశా అన్నింటికన్నా చవకైన భాగం. దీనివల్ల మిల్లు తన తీసివేతలకు తానే జవాబుదారీ కావాల్సి వస్తుంది, అందుకే కొందరు యజమానులు ఇష్టపడకపోవచ్చు. కాని పచ్చి వడ్లతో మిల్లు ముందు వరుసలో నిలబడ్డ రైతు వచ్చే సీజనులో ఏ గేటు వైపు ట్రాక్టరు తిప్పాలో ఆలోచించుకునేటప్పుడు, అతని జేబులో ఉండే కాగితం ఆ చీటీయే.